టెక్స్ట్ ఎడిటర్లలో గణిత గుర్తుల జతకూర్పు

టెక్, లేటెక్ అనే అక్షరకూర్పు పద్ధతుల్లో రాసే ప్రతి గణిత సూత్రానికీ ముందొక గుర్తు, వెనకొక గుర్తు ఉండి తీరాలి. వాక్యం ఎక్కడ ఆగింది, గణితం ఎక్కడ మొదలైంది, మళ్లీ వాక్యం ఎక్కడ అందుకుంది అన్నది కంప్యూటర్‌కు ఆ రెండు గుర్తుల వల్లే తెలుస్తుంది. రచయిత మొదటి గుర్తు కొట్టగానే ఎడిటర్ రెండోదాన్ని కూడా తానే పెట్టి, కర్సర్‌ను రెంటి మధ్యా నిలబెట్టే ఏర్పాటును జతకూర్పు అనవచ్చు. చాలామంది దీన్ని టైపింగు సౌకర్యాల్లో ఒకటిగా లెక్కేస్తారు: సూత్రానికి ఒక కీ ఆదా, అంతే. ఆ లెక్కన దీని గురించి పెద్దగా చెప్పుకోవలసింది లేదు; ఒక్క కీ కొట్టడం ఎవరికీ భారం కాదు. దీని అసలు ప్రయోజనం వేరు. రాస్తున్నంతసేపూ, ఏ క్షణాన ఆపి చూసినా, పత్రం వ్యాకరణం చెడకుండా ఉండేలా చూడటం ఆ ప్రయోజనం. ఆ దృష్టితో ఎడిటర్ పనితనాన్ని మొదటి గుర్తు దగ్గర తూచలేం. మూసే గుర్తును రచయిత మళ్లీ కొట్టినప్పుడు, ఒకదాన్ని చెరిపినప్పుడు, ఉన్న సూత్రం పక్కనే కొత్తది పెట్టబోయినప్పుడు అది ఏం చేస్తుందో అక్కడ తూచాలి. అంతకన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఆ జత వ్యాకరణం కోరినదా, కేవలం అలవాటుగా కనిపించేదా? వ్యాకరణం కోరిన చోట ఎడిటర్ వెనకాడకుండా జత కూర్చాలి, అలవాటు మాత్రమే అయిన చోట చొరవ తగ్గించుకోవాలి. ఈ తేడాను పట్టించుకున్న ఎడిటర్లే గణితం రాసేవారికి నిజంగా పనికొచ్చాయి.

సమస్య టెక్ కన్నా ముందునుంచీ ఉంది. బెల్ ల్యాబ్స్‌లో బ్రయన్ కెర్నిహాన్, లోరిండా చెర్రీ తయారుచేసిన ఈక్యూఎన్ అనే గణిత అక్షరకూర్పు ప్రోగ్రామును 1975లో ఒక వ్యాసంగా ప్రకటించారు. అందులో విడిగా నిలిచే సమీకరణాలకు మొదలు ఆదేశం ఒకటి, ముగింపు ఆదేశం వేరొకటి ఉండేవి. వాక్యం మధ్యలో వచ్చే చిన్న సూత్రాలకు మాత్రం ఏ రెండు గుర్తులు వాడాలో రాసేవారే ఎంచుకోవచ్చు. రెండూ ఒకటే గుర్తు అయినా అడ్డులేదు, డాలర్ గుర్తును రెండు వైపులా పెట్టుకోవడం మామూలే. ఆ స్వేచ్ఛకు మూల్యం కూడా అక్కడే కనిపిస్తుంది. జత తప్పిన గుర్తులను వెతికి చూపించడానికే యునిక్స్‌లో చెక్‌ఈక్యూ అని ప్రత్యేకంగా ఒక ప్రోగ్రాము పెట్టవలసి వచ్చింది. ముగింపు గుర్తు మరిచిపోవడం అప్పుడప్పుడు జరిగే పొరపాటు అయితే దానికోసం విడి పనిముట్టు ఎవరూ తయారుచేయరు. డోనాల్డ్ నూత్ 1970ల చివర్లో స్టాన్‌ఫర్డ్‌లో టెక్‌ను రూపొందించినప్పుడు గణితానికి హద్దుగా డాలర్‌నే స్థిరం చేశారు: ఒంటి డాలర్ల మధ్య రాసింది వాక్యంలో కలిసిపోతుంది, జంట డాలర్ల మధ్య రాసింది విడి వరుసలో నిలుస్తుంది. గణితాన్ని అచ్చుకు కూర్చడం ఖరీదైన పని అన్న పాత అభిప్రాయమే ఆ ఎంపికకు కారణమని ఆయన తన టెక్ పుస్తకంలో రాశారు. కారణం ఏదైనా, దాని ఫలితం ఎడిటర్లు రాసేవారి మీద నేటికీ ఉంది. తెరిచేదీ మూసేదీ ఒకే గుర్తు కావడం వల్ల, పత్రంలో ఒక డాలర్‌ను విడిగా చూసి అది ఏ వైపుదో ఎవరూ చెప్పలేరు.

ఒక ముగింపు డాలర్ తప్పిపోతే ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే జతకూర్పు విలువ తెలుస్తుంది. రచయిత రాయదలచిన వాక్యం ఇది: $3^2+4^2$ అనేది $5^2$ కి సమానం. మొదటి సూత్రం చివరి డాలర్ పడలేదనుకుందాం. టెక్ మొదటి డాలర్ దగ్గర గణితంలోకి దిగుతుంది, ‘అనేది’ అన్న మాటను కూడా గణితంగానే తీసుకుంటుంది, రెండో సూత్రాన్ని తెరవవలసిన డాలర్‌ను ముగింపుగా భావించి గణితం నుంచి బయటికి వస్తుంది. ఇప్పుడు 5 మామూలు అంకె. దాని వెనకే ఘాతాన్ని సూచించే గుర్తు కనబడుతుంది. ఆ గుర్తుకు గణితం బయట చోటు లేదు. అప్పుడు టెక్ ఆగి, డాలర్ తప్పిపోయింది, నేనే చేర్చాను అన్న అర్థం వచ్చే ఎర్రర్ చూపిస్తుంది. అది చేర్చిన చోటు 5 కీ ఘాతం గుర్తుకీ నడుమ. మిగిలిన డాలర్ దాన్ని మూసేస్తుంది, లెక్క సరిపోతుంది, పేరా ముగుస్తుంది. డాలర్ల సంఖ్య సరిపోయింది గాని పేజీ మాత్రం తప్పు: ‘అనేది’ గణితంలో చిక్కుకుపోయి దాని చుట్టూ ఉన్న ఖాళీలు మాయమయ్యాయి, 5 గణితం నుంచి బయటపడింది. రచయిత ఎర్రర్ సందేశాన్ని నమ్మి వెతికితే రెండో సూత్రం దగ్గర వెతుకుతాడు, అసలు తప్పు మొదటి సూత్రం చివర ఉంది. అంటే తప్పిపోయిన గుర్తును తానుగా చేర్చే పని టెక్ మొదటినుంచీ చేస్తూనే ఉంది. కాకపోతే కంపైల్ చేసేటప్పుడు, తేడా బయటపడ్డ చోట చేరుస్తుంది. తప్పు పుట్టిన చోటు దానికి తెలియదు, తెలిసే వీలూ లేదు. ఎడిటర్‌కు ఆ చోటు తెలుసు, ఎందుకంటే రచయిత వేలు కీ మీద ఉన్నప్పుడే అది చూస్తోంది. ఎడిటర్లో జతకూర్పు ఉండాలనడానికి నాకు కనిపించే అన్నిటికన్నా గట్టి ఆధారం ఇదే.

నూత్‌కు ఈ ప్రమాదం తెలియక కాదు. వాక్యంలోని సూత్రం పేరా దాటి పోకూడదన్న నియమం టెక్‌లో ఉంది. ఖాళీ వరుస వచ్చేసరికి గణితం ఇంకా తెరిచే ఉంటే టెక్ తానే మూసి ఎర్రర్ చెబుతుంది. లేకపోతే ఒక్క డాలర్ పోయినందుకు పుస్తకం చివరిదాకా వాక్యాలన్నీ గణితంగా, గణితమంతా వాక్యాలుగా తారుమారవుతాయి. ఈ నియమం ఎడిటర్లకు కూడా గొప్ప ఉపకారం చేసింది. కర్సర్ ఉన్న చోటు గణితం లోపలా బయటా అని తేల్చడానికి పత్రం మొదటినుంచీ చదవనక్కరలేదు. పేరా మొదటికి వెళ్లి అక్కడినుంచి డాలర్లు లెక్కపెడితే చాలు: బేసి అయితే లోపల, సరి అయితే బయట. ఈమాక్స్ ఎడిటర్లో లేటెక్ రాసేవారు వాడే టెక్స్‌మ్యాథ్‌పీ అనే చిన్న ప్రోగ్రాము దాదాపు ఇలాగే వెనక్కి కొన్ని పేరాల వరకే చూసి నిర్ణయిస్తుంది. వందల పేజీల పత్రంలో ప్రతి కీ కొట్టినప్పుడూ ఇంత లెక్క వేస్తే ఎడిటర్ నెమ్మదించదా అన్న అభ్యంతరానికి జవాబు ఇక్కడే దొరుకుతుంది.

బేసి-సరి లెక్క అన్ని చోట్లా నిలబడదు. డాలర్‌కు ముందు వెనక్కి వాలిన గీత ఉంటే అది డబ్బు గుర్తు, హద్దు కాదు. కామెంటులో ఉన్న డాలర్‌నూ, ఉన్నదున్నట్టు అచ్చువేయమని చెప్పిన భాగంలోని డాలర్‌నూ లెక్కలో కలపకూడదు. ఇంకా చిక్కైనది, సూత్రం లోపల మాటలు రాయడానికి లేటెక్‌లో వాడే టెక్స్ట్ ఆదేశం. దాని కుండలీకరణాల్లో మళ్లీ మామూలు వాక్యమే నడుస్తుంది కాబట్టి అక్కడ ఇంకో జత డాలర్లు పెట్టి చిన్న సూత్రం రాయడం పూర్తిగా సక్రమం. గణితంలో వాక్యం, ఆ వాక్యంలో గణితం. బేసి-సరి మాత్రమే చూసే ఎడిటర్ ఇక్కడ బోల్తా పడుతుంది. లెస్లీ లాంపోర్ట్ 1980ల మధ్యలో లేటెక్‌ను అందించినప్పుడు వేరు గుర్తులు తెచ్చారు: వాక్యంలోని సూత్రానికి \( మొదలు, \) ముగింపు, విడి వరుసకు \[ మొదలు, \] ముగింపు. వీటిలో ప్రతి గుర్తూ తాను ఏ వైపుదో తానే చెబుతుంది. గణితంలో ఉండగానే మళ్లీ తెరిచినా, తెరవకుండా మూసినా లేటెక్ వెంటనే ఆ చోటునే వేలెత్తి చూపుతుంది. జంట డాలర్ల విషయంలో లేటెక్ నిపుణుల అభ్యంతరం ఇంకా గట్టిది: వాటివల్ల సమీకరణం పైనా కిందా వదిలే చోటు అస్తవ్యస్తమవుతుంది, సమీకరణాలను ఎడమకు జరపమన్న అమరికను అవి లెక్కచేయవు. అయినా వాక్యం మధ్యలో డాలర్ వాడకం తగ్గలేదు. ఒక్క కీతో పడే గుర్తును వదిలి రెండు కీల గుర్తుకు మారమని చెబితే, రోజుకు వందల సూత్రాలు రాసేవారు వింటారని ఆశించలేం. జతకూర్పు ఇక్కడొక రాజీని సాధ్యం చేసింది. కొట్టేది డాలర్ కీయే అయినా పత్రంలో పడేది \( \) జత కావచ్చు.

ఇది ఊహ కాదు, ఆక్‌టెక్‌లో ఉన్న ఏర్పాటే. డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ విశ్వవిద్యాలయ కేంద్రంలో మొదలై, దాని పేరులోని మొదటి అక్షరాలనే తన పేరులో నిలుపుకున్న ఈ ఈమాక్స్ ప్యాకేజీలో డాలర్ కీకి సొంత ఆదేశం ఉంది. ఆ ఆదేశం కీ నొక్కిన ప్రతిసారీ ముందు సందర్భం చూస్తుంది. ముందు వెనక్కి వాలిన గీత ఉంటే ఒక్క డాలర్ పెట్టి ఊరుకుంటుంది. కర్సర్ గణితం బయట ఉంటే, రచయిత ముందుగా ఎంచుకున్న జతను, డాలర్లనైనా \( \) నైనా, పెట్టి మధ్యలో నిలుస్తుంది. కొంత భాగాన్ని ముందే ఎంపిక చేసి నొక్కితే ఆ భాగానికి రెండు వైపులా హద్దులు వేస్తుంది. \( తో తెరిచిన సూత్రం లోపల డాలర్ కొడితే చేర్చడానికి నిరాకరిస్తుంది. నాకు ఈ నిరాకరణ చాలా విలువైనదిగా తోస్తుంది. జత చేర్చడం ఏ ఎడిటరైనా చేయగలదు. ఇక్కడ ఈ గుర్తుకు అర్థం లేదని చెప్పాలంటే అది వ్యాకరణం తెలిసిన ఎడిటర్ అయి ఉండాలి. ఈమాక్స్ అడుగున ఉన్న ఏర్పాటు కూడా ఈ సంగతిని గుర్తించింది. ప్రతి అక్షరానికీ ఒక వ్యాకరణ వర్గాన్ని కేటాయించే దాని పట్టికలో, తెరిచే కుండలీకరణం, మూసే కుండలీకరణం, ఉల్లేఖన గుర్తు వంటి వర్గాలతోపాటు, తెరిచేదీ మూసేదీ తానే అయిన గుర్తుకు ఒక వర్గం విడిగా ఉంది. ఆ వర్గాన్ని వాడుకునేది టెక్ రాతకు సంబంధించిన విధానం ఒక్కటేనని ఈమాక్స్ లిస్ప్ గ్రంథమే చెబుతుంది. ఒక్క గుర్తు కోసం ఒక వర్గమే పుట్టిందంటే ఆ గుర్తు మిగతావాటిలా ప్రవర్తించదనే కదా.

సాధారణ ప్రోగ్రామింగు ఎడిటర్ల చరిత్రను క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. బిల్ జాయ్ రాసిన వీఐ ఎడిటర్లో మూసే కుండలీకరణం కొట్టగానే కర్సర్ ఒక్క క్షణం దాని జోడీ మీదికి వెళ్లి వచ్చే అమరిక ఉండేది. అది చూపడమే గాని చేర్చడం కాదు. ఇంటర్‌లిస్ప్‌లో ఒక్క చతురస్ర కుండలీకరణం కొడితే తెరిచి ఉన్న మామూలు కుండలీకరణాలన్నీ ఒకేసారి మూసుకుపోయేవి. 2004లో మ్యాక్ కంప్యూటర్ల కోసం వచ్చిన టెక్స్ట్‌మేట్, ఆ తర్వాత సబ్‌లైమ్ టెక్స్ట్ జతకూర్పును రోజువారీ అలవాటుగా మార్చాయి. ఈమాక్స్‌లో అన్ని భాషలకూ పనికొచ్చే జతకూర్పు 2012లో 24.1 సంచికతో వచ్చి, 2014లో 24.4 తో మెరుగుపడింది. ఇవన్నీ మొదట ప్రోగ్రామింగు భాషల కుండలీకరణాలను, ఉల్లేఖన గుర్తులను దృష్టిలో పెట్టుకుని చేసినవే. గణితం వీటిలోకి ఆలస్యంగా వచ్చిన అతిథి.

ఈ ఎడిటర్ల మీద మొదటినుంచీ ఉన్న ఫిర్యాదు ఒకటి: ఏళ్లుగా రెండు గుర్తులూ తామే కొట్టే అలవాటున్న వేళ్లు మూసే గుర్తును కూడా కొట్టేస్తాయి, పత్రంలో ముగింపు రెండుసార్లు పడుతుంది. దీనికి విరుగుడుగా, కర్సర్‌కు కుడివైపునే మూసే గుర్తు ఉంటే కొత్తది చేర్చకుండా దాని మీదుగా దాటిపోయే పద్ధతి వచ్చింది. కుండలీకరణాలకు ఇది చక్కగా సరిపోతుంది. డాలర్‌కు వచ్చేసరికి ఇబ్బంది. $5^2$ అన్న సూత్రానికి సరిగ్గా ముందు కర్సర్ పెట్టి, అక్కడ ఇంకో సూత్రం రాద్దామని డాలర్ కొట్టామనుకోండి. కుడివైపు ఉన్నది డాలరే కాబట్టి ఎడిటర్ దాన్ని ముగింపు అనుకుని దాటిపోతుంది. రచయిత తనకు తెలియకుండానే పాత సూత్రం లోపల టైపు చేయడం మొదలుపెడతాడు. దీనికి రెండు రకాల పరిష్కారాలు కనిపిస్తాయి. ఈమాక్స్ పద్ధతి లెక్క మీద ఆధారపడుతుంది: ఈ గుర్తు చేరిస్తే సమతూకం చెడుతుందా నిలుస్తుందా అని చుట్టుపక్కల చూసి నిర్ణయిస్తుంది. వీఎస్ కోడ్ ఎడిటర్ పద్ధతి జ్ఞాపకం మీద ఆధారపడుతుంది: ఎడిటర్ తాను చేర్చిన ముగింపును మాత్రమే దాటుతుంది, రచయిత కొట్టిన దాన్ని ముట్టుకోదు. రెండో పద్ధతి తెలివైనది. గుర్తు ఏ వైపుదో దాని రూపం చెప్పలేనప్పుడు, అది ఎలా పుట్టిందో గుర్తుపెట్టుకోవడం సరైన ఉపాయం. దాని లోపం ఏమిటంటే ఆ జ్ఞాపకం ఆ కాసేపటిదే. ఫైలు మూసి మర్నాడు తెరిస్తే అన్ని డాలర్లూ ఒకే రకంగా కనిపిస్తాయి. అప్పుడు మళ్లీ పేరా మొదటినుంచి లెక్క వేయక తప్పదు. డాలర్ విషయంలో ఏదో ఒక పద్ధతినే పట్టుకుంటే సరిపోదని, జ్ఞాపకం ఉన్నంతసేపు దాన్నీ, అది లేనప్పుడు లెక్కనూ వాడుకోవాలని నా అభిప్రాయం.

మార్పులను వెనక్కి తీసుకునే అన్‌డూ విషయంలో కూడా జతకూర్పు తన ముద్ర వేసింది. విమ్ ఎడిటర్లో చాలామంది సొంతంగా చిన్న కీ అమరిక రాసుకునేవారు: తెరిచే గుర్తు కొడితే రెండు గుర్తులూ పెట్టి ఎడమ బాణం కీ నొక్కినట్టు వెనక్కి రమ్మని. పైకి పనిచేసేది. కానీ రాస్తూ ఉండగా బాణం కీతో కదిలితే అక్కడితో ఒక మార్పు ముగిసి కొత్త మార్పు మొదలైందని విమ్ లెక్క. ఒక వాక్యంలో మూడు సూత్రాలుంటే, ఒక్క ఊపులో రాసిన ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకోవడానికి పలుమార్లు అన్‌డూ నొక్కాలి. చేసిన మార్పును ఇంకో చోట మళ్లీ చేసే చుక్క ఆదేశం కూడా చివరి ముక్కనే చేసి ఊరుకుంటుంది. దీన్ని సరిచేయడానికి విమ్‌లో కంట్రోల్ జీ, ఆపైన పెద్ద యూ కలిపి ఒక ఆదేశం పెట్టారు. తర్వాత వచ్చే ఎడమ లేక కుడి కదలిక అదే వరుసలో ఉంటే కొత్త మార్పుగా లెక్కించవద్దని దాని అర్థం. విమ్ సహాయ పత్రం దీనికి ఇచ్చిన ఉదాహరణ కూడా కుండలీకరణాల జతకూర్పే. రచయిత మనసులో ఒక్క పనిగా ఉన్నది ఎడిటర్ లెక్కలో కూడా ఒక్క పనిగా ఉండాలి. జతకూర్పు మనిషి ఆలోచనకు అడ్డం రాకూడదంటే ఇలాంటి పైకి కనబడని సర్దుబాట్లు కావాలి.

ఇంతవరకూ చెప్పింది గణితంలోకి దింపే, బయటికి తెచ్చే గుర్తుల గురించి. ఆ జత వ్యాకరణం కోరినది, మినహాయింపు లేనిది. గణితం లోపల వచ్చే కుండలీకరణాల కథ వేరు. 0 నుంచి 1 వరకు, 0 ను కలుపుకుని 1 ని వదిలేసే అంతరాన్ని [0,1) అని రాస్తారు. ఫ్రెంచి సంప్రదాయంలో దాన్నే [0,1[ అని రాస్తారు. అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 80000-2 ఈ రెండు రకాల రాతనూ గుర్తిస్తుంది. చతురస్ర కుండలీకరణం కొట్టగానే దాని జోడీని పెట్టేసే ఎడిటర్ ఇక్కడ రచయితకు సాయం చేయకపోగా తప్పు గుర్తు పెట్టి, చెరిపే పని కూడా అప్పగిస్తుంది. సందర్భాన్నిబట్టి వేర్వేరు విలువలు తీసుకునే ప్రమేయానికి ఎడమవైపు పెద్ద పూల కుండలీకరణం ఒక్కటే ఉంటుంది, కుడివైపు ఏమీ ఉండదు. పరమ మూల్యాన్ని సూచించే నిలువు గీత రెండు వైపులా ఒకటే, డాలర్‌లాగే. అది భాజ్యతను సూచించే గుర్తుగా ఒంటరిగా కూడా వస్తుంది. కాబట్టి గణితం లోపలి కుండలీకరణాలకు జత ఉండటం తరచుగా కనిపించే అలవాటు మాత్రమే, నియమం కాదు. అయితే ఇక్కడ కూడా వ్యాకరణం కోరే జత ఒకటుంది: సూత్రం ఎత్తునుబట్టి కుండలీకరణాన్ని సాగదీసే లెఫ్ట్, రైట్ ఆదేశాలు. లెఫ్ట్ రాస్తే రైట్ రాయక తప్పదు. కానీ వాటి పక్కన ఏ కుండలీకరణం ఉండాలో టెక్ పట్టించుకోదు. ఒకవైపు ఏమీ వద్దనుకుంటే చుక్క పెట్టమంటుంది. అంటే ఆదేశాల జత తప్పనిసరి, గుర్తుల జత ఐచ్ఛికం. మంచి ఎడిటర్ లెఫ్ట్ చూడగానే రైట్‌ను తెచ్చి పెట్టాలి, దాని పక్కన ఏ గుర్తు ఉండాలో మాత్రం సూచించి ఊరుకోవాలి. కార్స్‌టెన్ డొమినిక్ రాసిన సీడీలేటెక్ అనే ఈమాక్స్ ప్యాకేజీలో ఏయే గుర్తులకు జత కావాలో రచయితే జాబితాగా ఇచ్చుకోవచ్చు. మొదట ఇచ్చే జాబితాలో డాలర్, చతురస్ర కుండలీకరణం, పూల కుండలీకరణం ఉన్నాయి, మామూలు కుండలీకరణం లేదు. చతురస్ర కుండలీకరణాన్ని చేర్చడంతో నేను ఏకీభవించను గాని, జాబితాను రచయిత చేతికి ఇవ్వడం సరైన పని.

తెలుగులో గణితం రాసేవారికి ఈ సంగతులు ఇంకో రూపంలో ఎదురవుతాయి. జీటెక్, లువాటెక్ వచ్చాక తెలుగు వాక్యాలను, లేటెక్ గణితాన్ని ఒకే ఫైలులో నేరుగా రాసుకోవచ్చు. తెలుగులో విభక్తి సూత్రానికి అంటుకుని వస్తుంది: $25$కి, $3+4$లో, $7$తో. మూసే గుర్తు వెనక ఖాళీ ఉండదు. జతకూర్పు నియమాలు చాలావరకు ఆంగ్ల వాక్యాన్ని చూసి చేసినవి. వీఎస్ కోడ్ సహజ అమరికలో, కర్సర్ వెనక ఖాళీ గాని, ఆ భాషకు నిర్దేశించిన విరామ చిహ్నాలు గాని ఉంటేనే మూసే గుర్తు తానుగా పడుతుంది. అక్షరం ఉంటే పడదు. ముందుగా రాసుకున్న ‘కి సమానం’ అన్న మాటల దగ్గరికి తిరిగి వచ్చి, ‘కి’ ముందు కుండలీకరణంతో మొదలయ్యే సూత్రం పెట్టబోతే, ఆ నియమం జతకూర్పును ఆపేస్తుంది. ఆ నియమం ఉద్దేశం మంచిదే: ఉన్న మాట ముందు కుండలీకరణం పెట్టేవారు తరచుగా ఆ మాటను చుట్టాలనుకుంటారు. తెలుగులో సూత్రం వెనక అక్షరం ఉండటమే సహజం కాబట్టి ఆ ఊహ చెల్లదు. దీనికి ఎదురు దిశలో ఇంకో ఇబ్బంది ఉంది. బెల్జియంలోని లూవెన్‌లో ఒక గణిత విద్యార్థి, తరగతిలో ఉపన్యాసం జరుగుతుండగానే విమ్‌లో లేటెక్ నోట్సు రాసుకునే తన పద్ధతిని 2019లో వివరించాడు. అది ప్రపంచమంతటా విద్యార్థులను ఆకట్టుకుంది. అందులో రెండు అక్షరాల సంకేతంతో డాలర్ల జత పడుతుంది. సూత్రం ముగించి బయటికి వచ్చాక తర్వాత కొట్టేది విరామ చిహ్నం కాకపోతే ఒక ఖాళీ కూడా తానుగా పడుతుంది. ఆంగ్లంలో, డచ్చిలో అది ముచ్చటైన ఏర్పాటు. అదే తెలుగులో పెట్టుకుంటే ప్రతి విభక్తీ సూత్రం నుంచి విడిపోతుంది. ఇక ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో చతురస్ర, పూల కుండలీకరణాలు ఉండే కీల మీద డ, ఢ, ఞ ఉంటాయి. ఆ గుర్తుల కోసం ఆంగ్ల అమరికకు మారాలి, మళ్లీ విభక్తి కోసం తెలుగుకు రావాలి. మూసే గుర్తు ముందే పడి ఉంటే, తెలుగుకు మారాక ట్యాబ్ లేక బాణం కీతో దాటవచ్చు. తెలుగు రచయితకు జతకూర్పు ఆంగ్ల రచయితకన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది, నియమాలను తెలుగు వాక్యానికి తగినట్టు మార్చుకుంటే.

మార్క్‌డౌన్ రాతలో డాలర్ ఇంకా సందిగ్ధం, ఎందుకంటే అక్కడ డాలర్ డబ్బు గుర్తుగా కూడా నేరుగా వస్తుంది. ప్యాన్‌డాక్ అనే మార్పిడి ప్రోగ్రాము దీనికి చక్కని నియమం పెట్టుకుంది: తెరిచే డాలర్‌కు వెంటనే కుడివైపు ఖాళీ ఉండకూడదు, మూసే డాలర్‌కు వెంటనే ఎడమవైపు ఖాళీ ఉండకూడదు, మూసేదాని వెనక వెంటనే అంకె రాకూడదు. అందువల్ల $20,000 నుంచి $30,000 వరకు అని రాస్తే అది గణితం కాదని తెలుస్తుంది. వెబ్ పేజీల్లో గణితం చూపే మ్యాథ్‌జాక్స్ అయితే ఒంటరి డాలర్‌ను సహజ అమరికలో గణిత గుర్తుగా ఒప్పుకోదు, \( \) నే ఒప్పుకుంటుంది. గిట్‌హబ్ 2022లో డాలర్లతో గణితానికి అవకాశమిచ్చి, ఆ తర్వాత డాలర్ లోపల వెనక్కి వాలిన కొటేషన్ గుర్తు కలిపే రాతను కూడా చేర్చింది. టైప్‌స్ట్ అనే కొత్త అక్షరకూర్పు భాషలో డాలర్ల లోపల రెండు అంచులా ఖాళీ వదిలితే సూత్రం విడి వరుసలో నిలుస్తుంది, వదలకపోతే వాక్యంలో కలుస్తుంది. అక్కడ ఎడిటర్ జత కూర్చాక కర్సర్‌కు రెండు పక్కలా ఖాళీ పెట్టాలా వద్దా అన్నది అందానికి సంబంధించిన విషయం కాదు, అర్థాన్ని మార్చే విషయం. ఒక భాషకు చేసిన జతకూర్పు నియమాన్ని ఇంకో భాషకు అలాగే తెచ్చి అంటిస్తే ఎందుకు చెడుతుందో ఈ ఉదాహరణలే చెబుతాయి.

గట్టిగా ఎదురయ్యే ఇంకో అభ్యంతరం ఉంది: ఇంత తిప్పలెందుకు, గుర్తులే కనబడని ఎడిటర్ వాడుకోవచ్చు కదా అని. 1981లో టైటెల్‌బామ్, రెప్స్ వివరించిన కార్నెల్ ప్రోగ్రామ్ సింథసైజర్‌లో ప్రోగ్రాము వాక్యాలు మూసలుగా పడేవి, జత తప్పే ప్రసక్తే లేదు. 1990ల మధ్యలో మొదలైన లిక్స్‌లో సూత్రం ఒక పెట్టె, అందులోకి దిగడం, బయటికి రావడమే గాని హద్దు గుర్తు కొట్టడం ఉండదు. జోరిస్ వాన్ డెర్ హూవెన్ రూపొందించిన టెక్స్‌మ్యాక్స్ కూడా ఇదే దారి. ఈ అభ్యంతరంలో న్యాయం ఉంది. వ్యాకరణం ఎప్పుడూ చెడకూడదన్నదే లక్ష్యమైతే ఈ ఎడిటర్లు దాన్ని పూర్తిగా సాధించాయి. ఐనా గణితజ్ఞులలో పెద్ద భాగం మామూలు టెక్స్ట్ ఫైలునే అంటిపెట్టుకుంది. కారణం మొండితనం కాదు. మామూలు ఫైలును ఏ ఎడిటరైనా తెరుస్తుంది, ఉత్తరంలో అతికించవచ్చు, ఇద్దరు రాసిన రెండు పాఠాల తేడాను వరుస వరుసగా పోల్చవచ్చు, ఇరవై ఏళ్ల తర్వాత కూడా చదవవచ్చు. పైగా రాసే మనిషి ఆలోచన ఎప్పుడూ వ్యాకరణబద్ధంగా సాగదు. సగం సూత్రాన్ని కత్తిరించి ఇంకో చోట పెట్టి, మిగిలిన సగాన్ని కాసేపు అలా వదిలేసే హక్కు రచయితకు ఉండాలి. జతకూర్పు ఈ రెంటి నడుమ నిలుస్తుంది: కొత్తగా పుట్టే ప్రతి సూత్రం సక్రమంగా పుట్టేలా చూస్తుంది, పుట్టాక రచయిత దాన్ని విరగ్గొడతానంటే అడ్డుపడదు.

తెర చదివే సాఫ్ట్‌వేర్ సాయంతో రాసే అంధ గణితజ్ఞుల ఇబ్బందిని తేలికగా తీసుకోకూడదు. వారు తాము నొక్కిన కీ పేరు విని రాసుకుంటూ పోతారు. నొక్కని గుర్తు ఒకటి కర్సర్ వెనక చేరిందని వారికి చెప్పకపోతే పత్రం వారి మనసులో ఒకలా, ఫైలులో ఇంకోలా ఉంటుంది. చేర్చిన గుర్తును కూడా ఎడిటర్ పలికించాలి, లేదా ఆ ఏర్పాటును ఒక్క కీతో ఆపే వీలు ఉండాలి. కొత్తగా లేటెక్ నేర్చుకునేవారు ముగింపు గుర్తును ఎప్పటికీ నేర్చుకోరన్న భయం మాత్రం నాకు బలంగా తోచదు. జత రెండు గుర్తులూ తెర మీద ఎదురుగా ఉంటాయి, చూస్తూ రాసేవాడికి ఏది దేన్ని మూస్తుందో త్వరగా తెలుస్తుంది.

తేలకుండా మిగిలింది చెరపడం. ఖాళీ జత మధ్య నిలిచి బ్యాక్‌స్పేస్ నొక్కితే చాలా ఎడిటర్లు రెంటినీ కలిపి చెరుపుతాయి, అది సబబే. లోపల సూత్రం ఉండగా ఒక డాలర్‌ను చెరిపితే ఏం చేయాలి? లిస్ప్ రాసేవారి పారెడిట్ అలాంటి చోట చెరపడానికే ఒప్పుకోదు. లిస్ప్‌లో కుండలీకరణమే వ్యాకరణం కాబట్టి అక్కడ అది చెల్లింది. గణిత పత్రంలో రచయిత ఒక డాలర్‌ను చెరిపేది చాలావరకు దాన్ని ఇంకో చోటికి జరపడానికి, సూత్రాన్ని పొడిగించి పక్క మాటను కలుపుకోవడానికి, లేదా \( \) గా మార్చడానికి. అక్కడ నిరాకరిస్తే పని ఆగిపోతుంది, జోడీని కూడా చెరిపేస్తే సూత్రం హద్దులు లేని వాక్యమైపోతుంది, ఏమీ చేయకపోతే ఆ డాలర్ నుంచి పేరా చివరిదాకా లోపలిది బయటికీ బయటిది లోపలికీ మారుతుంది. వీటిలో అన్నిటికన్నా తక్కువ హాని చేసేది చెరపనిచ్చి, ఒంటరిగా మిగిలిన డాలర్‌ను ఆ పేరాలో రంగుతో చూపి, రచయిత కొత్త చోట డాలర్ కొట్టినప్పుడు జత చేర్చకుండా ఒక్కటే పెట్టడం. పేరా మొదటినుంచి లెక్క వేయగల ఎడిటర్‌కు అందుకు కావలసిన సమాచారమంతా చేతిలోనే ఉంది.